పిల్లల చేతి కాసు, పిల్లల చేతి పని

క్రైస్తవ సంఘాలు పిల్లలకు పరోపకారాన్ని ఒక పాఠంగా, ఒక వరుసలో నేర్పడం మొదలుపెట్టి రెండున్నర శతాబ్దాలు కూడా కాలేదు. దానధర్మాల బోధ క్రైస్తవంలో మొదటి నుంచీ ఉంది. అనాథలను సాకిన మఠాలు, బీదలకు అన్నం పెట్టిన సత్రాలు, ధర్మబడులు అన్నీ ఉన్నాయి. అయితే ఆ ఏర్పాట్లలో పిల్లలు పుచ్చుకునేవాళ్లే గాని ఇచ్చేవాళ్లు కారు. మతప్రశ్నలకు జవాబులు వల్లించడం, పెద్దల మాట వినడం, గుడిలో కుదురుగా కూర్చోవడం, వాళ్ల నుంచి కోరింది అంతవరకే. పదేళ్ల పిల్ల కూడా తన చేతిలోది మరొకరికి ఇవ్వగలదని, మరొకరి కోసం పని చేయగలదని పెద్దలకు తోచింది ఆదివారపు బడులు వచ్చాకే. అదీ మొదటి రోజునే తోచలేదు.

ఆదివారపు బడికి ఇంగ్లండులోని గ్లాస్టర్ పట్టణాన్ని పుట్టినిల్లుగా చెబుతారు. అంతకుముందు అక్కడక్కడ అలాంటి ప్రయత్నాలు జరిగినా, పేరు నిలిచింది గ్లాస్టర్‌కే. అక్కడ గుండుసూదుల కార్ఖానాలు ఉండేవి. పిల్లలు వారంలో ఆరు రోజులు వాటిలో పనిచేసి, ఏడో రోజున వీధుల్లో పడి అల్లరి చేసేవారు. ‘గ్లాస్టర్ జర్నల్’ పత్రిక యజమాని రాబర్ట్ రైక్స్ అంతకుముందు జైళ్ల దుస్థితి గురించి రాసినవాడు. జైలుకు చేరాక బాగుచేయడం కన్నా చేరకముందే చదువు చెప్పడం మేలనుకున్నాడు. థామస్ స్టాక్ అనే పాదిరి తోడుతో 1780లో ఒక ఇంట్లో బడి పెట్టించాడు. పాఠం చెప్పే ఆడవాళ్లకు రోజుకు ఒక షిల్లింగు ఇచ్చాడు. చదవడం నేర్పడానికి పుస్తకం బైబిలే. మూడేళ్లు నడిపి చూశాక, 1783 నవంబరులో తన పత్రికలో ఆ సంగతి రాశాడు. అది చదివి ఊరూరా అలాంటి బడులు వెలిశాయి. 1785లో లండనులో వాటి కోసం ఒక సంఘం ఏర్పడింది. 1831 నాటికి బ్రిటన్‌లో ఆదివారపు బడులకు వచ్చే పిల్లలు సుమారు 12 లక్షల 50 వేల మంది.

ఈ బడులు పిల్లల పేదరికాన్ని పోగొట్టలేదు. ఆరు రోజుల చాకిరీని ప్రశ్నించనూ లేదు. ఆ రోజుల్లోనే విమర్శకులు ఆ మాట అన్నారు, అందులో నిజం ఉంది. కానీ ఒక కొత్త సంగతి జరిగింది. దేశమంతటా లక్షల మంది పిల్లలు వారానికోసారి, ఒకే సమయానికి, ఒక పెద్ద ముందు కూర్చునే అలవాటు పడ్డారు. అలాంటి గుంపుకు ఒక కథ చెప్పవచ్చు, ఒక పని అప్పజెప్పవచ్చు, ఒక చిన్న నాణెం అడగవచ్చు.

అడగవలసిన అవసరం కూడా అప్పుడే వచ్చిపడింది. 1792లో బాప్టిస్టు మిషన్, 1795లో లండన్ మిషన్, 1799లో చర్చి మిషన్ పుట్టాయి. దూరదేశాల్లో మనుషులను నిలపాలంటే ధనవంతుల ఏటేటి విరాళాలు చాలవు, తెంపు లేకుండా వచ్చే చిల్లర కావాలి. వారానికి ఒక పెన్నీ చందా పద్ధతి అలా స్థిరపడింది. ఇంటింటా చీలిక ఉన్న చెక్క డబ్బా వెలిసింది, దాన్ని నింపే పని పిల్లలకు దక్కింది. అదే కాలంలో మరో పాఠం కూడా నడిచింది. 1791 తర్వాత బానిసల వ్యాపారాన్ని వ్యతిరేకించిన కుటుంబాలు వెస్టిండీస్ చక్కెరను మానేశాయి. ఆ ఇళ్లలో పిల్లలు కూడా చప్పిడి టీ తాగారు. డబ్బా పద్ధతికన్నా ఇది మంచి బోధ అనిపిస్తుంది, ఎందుకంటే పిల్లవాడు వదులుకున్నది వాడి నాలుకకు తెలుసు, ఎవరి కోసం వదిలాడో కూడా తెలుసు. కానీ అది ఉద్యమంతో పాటే సద్దుమణిగింది. డబ్బా మాత్రం నిలిచింది.

డబ్బా సాధించిన వాటిలో అందరికీ గుర్తుండిపోయింది ఒక ఓడ. లండన్ మిషన్ తరఫున పసిఫిక్ దీవుల్లో పనిచేసిన జాన్ విలియమ్స్‌ను 1839 నవంబరులో ఎర్రొమాంగా దీవిలో చంపేశారు. ఆయన పేర ఒక ఓడ కొనాలని, ఆ డబ్బు పిల్లల నుంచే రావాలని మిషన్ నిర్ణయించింది. ఇంగ్లండులోని ఆదివారపు బడుల పిల్లలు పోగుచేసింది 6,237 పౌన్లు. 1844లో హార్విచ్‌లో ఓడ నీట దిగింది, ఆ ఏడాదే పసిఫిక్‌కు బయలుదేరింది. అదే ఏడాది మిషన్ పిల్లల కోసం ఒక మాసపత్రిక మొదలుపెట్టింది. తమ ఓడ ఏ దీవిని తాకింది, ఏ సరుకు దింపింది, ఎవరిని ఎక్కించుకుంది అన్న కబుర్లు అందులో వచ్చేవి. పిల్లలు దాన్ని ‘మా ఓడ’ అనుకునేవారు. 1864లో పుకాపుకా దగ్గర అది రాళ్లకు తగిలి మునిగిపోతే మళ్లీ డబ్బు పోగుచేసి రెండోది కట్టించారు. అది 1867లో నియూ దీవి దగ్గర పగిలిపోయింది. మూడోది 1868లో వచ్చింది. ఇరవయ్యో శతాబ్ది సగం దాటేదాకా ఆ పేరుతో వరసగా ఏడు ఓడలు తిరిగాయి.

ఈ లండన్ మిషనే తెలుగు నేలకు ప్రొటెస్టెంట్ మిషనరీలను మొదటగా పంపింది. జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నంలో దిగారు. తర్వాత బళ్లారి, కడప సీమల్లో ఆ మిషన్ పని సాగింది. అక్కడి బడుల ఖర్చుల్లో ఇంగ్లండు పిల్లల పెన్నీలూ కలిశాయి. పుచ్చుకున్న పిల్లలకూ ఇచ్చిన పిల్లలకూ ఒకరి ముఖం ఒకరికి తెలియదు. మధ్యలో ఉన్నది మిషన్ రిపోర్టు మాత్రమే.

అమెరికాలో కాంగ్రిగేషనల్ సంఘాల వాళ్లు ఇదే పద్ధతిని కొంచెం తెలివిగా నడిపారు. 1856లో ‘మార్నింగ్ స్టార్’ అనే ఓడకు పది సెంట్లకు ఒక వాటా చొప్పున ఆదివారపు బడుల పిల్లలకు అమ్మారు. కొన్న ప్రతి పిల్లకూ అచ్చువేసిన వాటా పత్రం ఇచ్చారు. ఆ డిసెంబరులో ఓడ బోస్టన్ నుంచి హవాయికి, అక్కడి నుంచి మైక్రొనీషియాకు వెళ్లింది. ఆ పత్రాలు తరతరాలు ఇళ్లలో దాచుకున్నారంటే పిల్లలు వాటిని ఎంత నిజంగా తీసుకున్నారో అర్థమవుతుంది. లాభం పంచని కంపెనీలో వాటాదారుగా ఉండటం అనే పాఠం పది సెంట్లకు దొరికింది.

కాథలిక్కుల్లో ఈ దారి తొక్కినవాడు ఫ్రాన్సులోని నాన్సీ బిషప్ షార్ల్ ద ఫోర్బిన్ జాన్సన్. చైనాలో పారేసిన పసికందుల గురించి అక్కడి మిషనరీలు రాసే ఉత్తరాలు ఆయనను కలవరపెట్టాయి. పెద్దల మిషన్ చందా సంఘాన్ని మొదలుపెట్టిన పోలిన్ జారికోతో మాట్లాడి, 1843లో ‘పరిశుద్ధ బాల్యం’ సంఘాన్ని స్థాపించాడు. నియమం చాలా సులువు. రోజుకు ఒక చిన్న ప్రార్థన, నెలకు ఒక ‘సూ’ నాణెం. పిల్లలే పిల్లలకు సాయపడాలన్నది దాని సూత్రం. 1922లో పోప్ పదకొండవ పయస్ దానికి పోపు పరిధిలోని సంఘంగా గుర్తింపు ఇచ్చాడు. ఇందులో ప్రార్థననూ నాణాన్నీ విడదీయకపోవడం గమనించాలి. ఇచ్చినవాడు ఇచ్చి మరచిపోకుండా రోజూ తలుచుకోవాలన్నది ఉద్దేశం.

దీనికి మరో ముఖం కూడా ఉంది. పిల్లల మనసు కరిగించడానికి అవతలి దేశాల వాళ్లను అనాగరికులుగా, కన్నబిడ్డలను పారేసే రాక్షసులుగా చూపే బొమ్మలు, కథలు వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దిలో అమెరికా కాథలిక్ బడుల్లో కొద్ది డాలర్లు పోగుచేసిన తరగతికి దూరదేశపు శిశువు ఒకరికి పేరు పెట్టే హక్కు ఇచ్చేవారు. జాలి నేర్పబోయి పైచేయి నేర్పిన సందర్భాలు ఇవి. ఈ తప్పును సంఘాలు తర్వాత ఒప్పుకున్నాయి, మాటతీరు మార్చుకున్నాయి. అయితే ఆ బొమ్మలు చూసి పెరిగిన తరాల చూపు అంత తొందరగా మారలేదు.

బలవంతపు దాతృత్వాన్ని చార్లెస్ డికెన్స్ ఎగతాళి చేసినంతగా మరెవరూ చేయలేదు. 1852, 1853లలో వచ్చిన ‘బ్లీక్ హౌస్’ నవలలో మిసెస్ పార్డిగిల్ అనే ఆవిడ తన అయిదుగురు కొడుకులను ఊరంతా తిప్పుతుంది. పెద్దవాడి జేబుడబ్బు ఎక్కడో ఉన్న అమెరికా ఆదివాసుల పేరు చెప్పి పోతుంది. అయిదేళ్ల చిన్నవాడు జన్మలో పొగాకు ముట్టనని ఒక పిల్లల సంఘంలో తనంతట తానే చేరాడని ఆవిడ గర్వంగా చెబుతుంది. పిల్లలు మాత్రం కోపంతో కుతకుతలాడుతూ, ఆవిడ చూడనప్పుడు పక్కవాళ్లను గిల్లుతుంటారు. నవ్వించే ఘట్టమే, కానీ చరిత్రకారులకు పనికొచ్చే సాక్ష్యం. తల్లి లెక్క రాసుకుని కొడుకు జేబు ఖాళీ చేస్తే దానిలో కొడుకు ఇచ్చింది ఏముంది? డబ్బాల కాలంలో ఈ ప్రశ్నకు ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు.

జవాబు వెతికిన వాళ్లు 1880ల్లో వచ్చారు. వాళ్లు నాణెం దగ్గర ఆగకుండా పని దగ్గరికి వెళ్లారు. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాస్టరు తన సంఘంలోని కుర్రవాళ్లు గుడికి వచ్చి ఊరికే కూర్చుని పోతున్నారని గమనించాడు. 1881 ఫిబ్రవరి 2 సాయంత్రం వాళ్లను తన ఇంటికి పిలిచి ‘క్రిస్టియన్ ఎండీవర్’ సంఘం ఏర్పాటు చేశాడు. చేరిన ప్రతి ఒక్కరూ ఏదో ఒక కమిటీలో ఉండాలి. కొత్తవాళ్లను కనిపెట్టేది ఒకటి, ప్రార్థన కూటాలు నడిపేది ఒకటి, ఆదివారం గుడిలో అలంకరించిన పూలను ఆరాధన అయ్యాక జబ్బుపడ్డవాళ్ల ఇళ్లకు చేర్చేది ఒకటి. చిల్లర పనులే. అయితే ఎవరు చేశారో, ఎవరు చేయలేదో నెల చివర చెప్పుకోవాలి. కమిటీకి అధ్యక్షుడూ కార్యదర్శీ పిల్లలే. పెద్దలు సలహా చెప్పి పక్కకు తప్పుకోవాలి. ఈ పద్ధతి పది పదిహేనేళ్లలో ఖండాలు దాటింది. 1909లో దాని ప్రపంచ మహాసభ ఆగ్రాలో జరిగింది.

స్కాట్లాండులో విలియం అలెగ్జాండర్ స్మిత్ సమస్య ఇంకా మొండిది. ఆయన గ్లాస్గోలో ఆదివారపు బడి ఉపాధ్యాయుడు, వారం మధ్యలో వాలంటీరు దళంలో అధికారి. పన్నెండేళ్లు దాటిన మగపిల్లలు బడిలో నిలవరు, మాట వినరు. తన సిపాయిలు మాత్రం చెప్పినట్టు వింటారు. రెండింటినీ కలిపితే ఏమవుతుందని 1883 అక్టోబరు 4న నార్త్ వుడ్‌సైడ్ రోడ్డులోని మిషన్ హాల్లో ‘బాయ్స్ బ్రిగేడ్’ మొదలుపెట్టాడు. మొదటి రాత్రి 59 మంది వచ్చారు. ఆలస్యం కూడదు, క్రమశిక్షణ తప్పదు అనేసరికి కొద్ది వారాల్లో 35 మంది మిగిలారు. ఉన్నవాళ్లు గట్టిగా నిలిచారు. టోపీ, నడుముకు బెల్టు, భుజం మీదుగా తెల్ల సంచి, అంతే యూనిఫాం. బైబిలు క్లాసు, కవాతు, ఆటలు, ఆ తర్వాత ప్రథమ చికిత్స.

చేతుల్లో ఉత్తుత్తి తుపాకులు పట్టి కవాతు చేయడం చాలామంది క్రైస్తవులకు రుచించలేదు. సేవ నేర్పుతామని చెప్పి యుద్ధం నేర్పుతున్నారని విమర్శించారు. ఆ విమర్శ నుంచే 1899లో జాన్ బ్రౌన్ పేటన్ ‘బాయ్స్ లైఫ్ బ్రిగేడ్’ పుట్టించాడు. తుపాకీ కవాతు లేదు, దాని బదులు ప్రాణాలు కాపాడే కవాతు. నీట మునిగినవాణ్ని ఎలా లాగాలి, మంటల్లో చిక్కుకున్నవాళ్లను ఎలా దించాలి, స్ట్రెచర్ ఎలా మోయాలి అన్నవి అందులో పాఠాలు. 1926లో రెండు బ్రిగేడ్లూ కలిసిపోయాయి, తుపాకులు పోయాయి. బాయ్స్ బ్రిగేడ్‌ను దగ్గరగా చూసిన బేడెన్ పవెల్ దానిలోంచి స్కౌటింగ్‌కు చాలా తీసుకున్నాడు. రోజుకో మంచి పని చేయాలన్న స్కౌటు నియమం ఇప్పుడు మతంతో పని లేకుండా బడి పిల్లలందరికీ చేరింది. దాని వెనక గ్లాస్గో ఆదివారపు బడి ఉందని స్కౌటు పిల్లల్లో కొద్దిమందికే తెలుసు.

నాణెం దారి, పని దారి రెండూ కలిసిన ఒక ముచ్చట 1913లో కాన్సస్ రాష్ట్రంలోని వైట్ క్లౌడ్ అనే చిన్న ఊళ్లో జరిగింది. కుష్ఠు రోగుల మిషన్ తరఫున వచ్చిన విలియం డానర్ అనే అతిథి తాను దిగిన ఇంటి పిల్లవాడు విల్బర్ చాప్‌మన్ చేతిలో మూడు వెండి డాలర్లు పెట్టాడు. పిల్లవాడు వాటితో ఒక పందిపిల్లను కొన్నాడు, పీట్ అని పేరు పెట్టాడు, మేపి పెద్దది చేశాడు, 25 డాలర్లకు అమ్మాడు. కుష్ఠు సోకిన ఒక పిల్లవాడి ఏడాది ఖర్చుకు ఆ డబ్బు పంపాడు. ఈ కథ విని అమెరికా అంతటా ఆదివారపు బడుల పిల్లలు పంది ఆకారపు డబ్బాల్లో డబ్బు వేశారు. విల్బర్ ఇచ్చింది ఎవరో ఇచ్చిన జేబుడబ్బు కాదు. పొద్దున్నే లేచి కుడితి పోసిన పని ఫలం. పెంచుకున్న జంతువును అమ్ముకునే బాధ కూడా అందులో ఉంది. అదే మిషన్ సాయం అందుకున్న ఆసుపత్రి నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో ఉంది. ఇసబెల్ కెర్ర్ అనే వైద్యురాలు 1915లో దాన్ని నడపడం మొదలుపెట్టింది. దాని కట్టడాలకు పెద్ద విరాళం ఇచ్చినవాడు రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత.

తెలుగు దేశంలో పిల్లలకు సేవ నేర్పిన కథ ఇంగ్లండు, అమెరికా కథలకు నకలు కాదు. ఇక్కడికి ఆదివారపు బడిని మోసుకొచ్చిన వాళ్లలో దానికే జీవితం ధారపోసినవాళ్లున్నారు. 1842 జూలైలో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హేయర్ అంతకుముందు అమెరికా పల్లెల్లో ఆదివారపు బడుల ప్రతినిధిగా గుర్రం మీద తిరిగినవాడు. 1876లో అలహాబాదులో భారత సండే స్కూల్ యూనియన్ ఏర్పడింది. పాఠాలు ఇంగ్లీషు నుంచి దేశభాషల్లోకి దిగాయి. కంఠత వాక్యాలు, పాటలు, పరీక్షలు, సర్టిఫికెట్లు వచ్చాయి. 1876-78 కరువు తర్వాత ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల్లో వేల కుటుంబాలు సంఘంలో చేరాయి. 1878 జూలైలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఊరూరా బడి పెట్టాల్సి వచ్చింది.

ఆ బడికి వచ్చిన పిల్లలు ఎవరు? ఎక్కువమంది మాల, మాదిగ పేటల పిల్లలు. పగలు గేదెలు కాసేవారు, పేడ ఎత్తేవారు, ఆసాముల ఇళ్ల ముందు నిలబడేవారు. అందుకే చాలా ఊళ్లలో బడి దీపాలు పెట్టాక మొదలయ్యేది. కిరసనాయిలు దీపం చుట్టూ కునికిపాట్లు పడే పిల్లలకు ఉపదేశి పంతులు ఓనమాలు, ఒక కీర్తన, ఒక కథ చెప్పేవాడు. వాళ్ల తల్లిదండ్రులు తరాలుగా ఊరికి చాకిరీ చేస్తున్నవాళ్లు. నిజాం తెలంగాణలో వెట్టి, కోస్తాలో పాలేరుతనం. చెప్పులు కుట్టడం, చచ్చిన పశువును మోయడం, దండోరా వేయడం, కబుర్లు మోయడం, వీటిలో వేటికీ సరైన కూలి లేదు, కాదనే హక్కు అసలే లేదు. అలాంటి ఇంటి పిల్లవాడికి ఇతరులకు ఊడిగం చేయమని చెప్పడం ఎంత చిక్కైన పనో మిషన్ రిపోర్టుల్లో పెద్దగా కనిపించదు. గ్లాస్గో కుర్రవాడు కొత్తగా నేర్చుకోవలసిన దాన్ని ఈ పేటల కుర్రవాడు పుట్టినప్పటి నుంచీ బలవంతంగా చేస్తున్నాడు.

మిషన్ బోర్డింగుల్లో ఈ చిక్కు ఇంకోలా ఎదురైంది. బోర్డింగు పిల్లలు వంతులవారీగా ఊడ్చేవారు, నీళ్లు తోడేవారు, పిండి విసిరేవారు, తోటపని చేసేవారు. పాఠం ప్రకారం అది స్వావలంబన, సేవ. లెక్కల ప్రకారం అది బోర్డింగు ఖర్చు తగ్గించే ఏర్పాటు. రెండూ నిజమే. చదువుకుంటే చేతిపని తప్పుతుందని ఆశపడి పిల్లలను పంపిన తల్లిదండ్రులు కొందరు నొచ్చుకున్నారు. అయితే ఒక తేడా ఉంది. ఊరి ఆసామి ఇంట్లో పేడ ఎత్తేది ఒకే పేట పిల్లలు. బోర్డింగులో వంతు వస్తే ఉపాధ్యాయుడి కొడుకూ ఎత్తాలి. కులం పని కాస్తా వంతు పని అయింది.

చిక్కు ముడిని ఎక్కువ దూరం విప్పినవాడు వి.ఎస్. అజరయ్య. తిరునల్వేలి నుంచి వచ్చిన తమిళుడు. 1903లో తిరునల్వేలి క్రైస్తవులే స్థాపించిన మిషన్ తమ క్షేత్రంగా ఎంచుకున్నది తెలుగు నేలలోని దోర్నకల్‌ను. అజరయ్య అక్కడికి వచ్చి తెలుగు నేర్చుకుని, 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘపు మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. ఇవ్వడం గురించి ఆయన ఒక పుస్తకమే రాశాడు. ఆయన వాదన మొండిగా ఉంటుంది. పేదవాడి నుంచి కానుక అడగకపోవడం దయ కాదు, అవమానం. తరాలుగా అందరి దగ్గరా చేయి చాచినవాడు తన చేత్తో ఇచ్చిన రోజునే తలెత్తుకుంటాడు. బాప్తిస్మం పుచ్చుకున్నవాళ్లు తమ తల మీద తామే చేయి పెట్టుకుని, విన్న సువార్తను ఇతరులకు చెప్పే బాధ్యత తమదని ఒప్పుకునే ఆచారం కూడా ఆయనదే.

డబ్బు చేతికి రాని ఇళ్లలో ఇవ్వడమెలా? ధాన్యంతో. ఎసరులో పోయబోయే బియ్యంలోంచి, జొన్న తినే చోట జొన్నల్లోంచి, పిడికెడు తీసి వేరే కుండలో వేయడం తెలుగు సంఘాల్లో, ముఖ్యంగా దోర్నకల్ ప్రాంతంలో, నిత్యకృత్యమైంది. ఈ పద్ధతి దక్షిణాదిలో తమిళ సంఘాల్లోనూ, ఈశాన్యంలో మిజో సంఘాల్లోనూ ఉంది. తీసేది తల్లి. పక్కన కూర్చుని చూసేది, మరచిపోతే గుర్తుచేసేది, ఆదివారం మూట కట్టి గుడికి మోసుకెళ్లేది తరచూ పిల్లలు. ఏదో ఓ పూట గింజలు తక్కువైనప్పుడు కూడా తల్లి పిడికిలి కుండలోకి వెళ్లడం చూసిన పిల్లకు పాఠం వేరే చెప్పనక్కర్లేదు. ఇంగ్లండు చెక్క డబ్బాకూ ఈ మట్టి కుండకూ ఇదే తేడా. డబ్బాలో వేసింది మిగిలిన చిల్లర, కుండలో వేసింది కడుపులోకి పోవలసిన కూడు. ఆ బియ్యంతో పంతులు జీతంలో కొంత నడిచింది.

కోత పండుగ ఇంకో బడి. పంట ఇంటికి వచ్చాక ఒక ఆదివారం గుడి వసారా అంతా సంత అయిపోతుంది. వడ్ల బస్తా తెచ్చేవాళ్లు తెస్తారు. లేనివాళ్లు గుమ్మడికాయ, మునక్కాడలు, చెరుకు గడ, చీపురు, కాళ్లు కట్టిన కోడిపుంజు. పిల్లలు రెండు కోడిగుడ్లో, దోసెడు అనపగింజలో పట్టుకొస్తారు. ఆరాధన కాగానే వేలం. సంఘ పెద్ద ఒకరు గుడ్డు పైకెత్తి పాడతారు. బజారులో దాని ధర అందరికీ తెలుసు, అయినా పాట పదింతలకు పోతుంది. పాడుకున్నవాడు ఒక్కోసారి గుడ్డును అక్కడే తిరిగి ఇచ్చేస్తాడు, మళ్లీ వేలం వేస్తారు. తాను తెచ్చిన గుడ్డు అంత ధర పలకడం చూసి పిల్లవాడు ఉబ్బిపోతాడు. అందులో పెద్దల పరపతి పోటీ కూడా ఉంటుంది, అది అందరికీ తెలిసిందే. కానీ వచ్చిన డబ్బు ఎంతో, దేనికి పోతుందో ఆ వసారాలోనే చదివి వినిపిస్తారు. ఓడ కబుర్ల కోసం నెలలు ఆగనక్కర్లేదు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత పాశ్చాత్య దేశాల్లో కొత్త రూపాలు వచ్చాయి. 1950లో ఫిలడెల్ఫియాలో క్లైడ్ ఆలిసన్ అనే ప్రెస్బిటేరియన్ పాస్టరు, ఆయన భార్య మేరీ ఎమ్మా, హాలోవీన్ రాత్రి మిఠాయిలు అడిగే పిల్లలతో యునిసెఫ్ కోసం చిల్లర అడిగించారు. మొదటి ఏడు వచ్చింది 17 డాలర్లు. తర్వాత అది దేశమంతా పాకింది. జర్మనీలో 1959 నుంచి ఏటా జనవరిలో పిల్లలు ముగ్గురు జ్ఞానుల వేషాలు వేసుకుని, నక్షత్రం పట్టుకుని, ఇంటింటా పాడి, గుమ్మం మీద సుద్దతో దీవెన రాసి విరాళం అడుగుతారు. పిల్లలు పిల్లల కోసం చేసే వసూళ్లలో ప్రపంచంలో దానికి సాటి లేదు. దాన్ని నడిపేది 1843 నాటి ఫ్రెంచి బిషప్ సంఘపు జర్మన్ శాఖే. అమెరికాలో 1975లో పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌లో తపస్సు కాలపు పొదుపు కోసం ‘రైస్ బౌల్’ అనే అట్టపెట్టె పుట్టింది. ఇంట్లో ఒక పూట సాదా భోజనం చేసి మిగిలిన డబ్బు అందులో వేయాలి. పిడికెడు బియ్యం గురించి దాన్ని తయారుచేసినవాళ్లకు తెలుసో లేదో గాని, తర్కం అదే.

వేసవి సెలవుల బైబిలు బడికి కూడా సేవే మూలం. 1898లో న్యూయార్క్ ఈస్ట్ సైడ్‌లో ఎలైజా హాస్ అనే ఆవిడ వేసవిలో వీధులపాలైన పేద పిల్లల కోసం ఒక బీరు హాలు అద్దెకు తీసుకుని బడి నడిపింది. 1901 నుంచి రాబర్ట్ బోవిల్ దాన్ని నగరమంతటా విస్తరించాడు. ఖాళీగా ఉన్న పిల్లలు, ఖాళీగా ఉన్న గుళ్లు, సెలవుల్లో ఉన్న కాలేజీ విద్యార్థులు, ఈ మూడింటినీ ఒకచోట చేర్చడం ఆయన ఉపాయం. పాఠంతో పాటు చేతిపనులు, వైద్యపరీక్షలు, ఆటలు ఉండేవి. తెలుగు నాట దాని పేరు వీబీఎస్. ఏప్రిల్, మే నెలల్లో ఊళ్లలోనూ పట్టణాల్లోనూ జరుగుతుంది. క్రైస్తవేతర ఇళ్ల పిల్లలు కూడా పాటల కోసం వస్తారు. ఇంటర్, డిగ్రీ చదివే యువతీయువకులు జీతం లేకుండా పాఠాలు చెబుతారు. నిజానికి వీబీఎస్‌లో సేవ నేర్చుకుంటున్నది ముందు వాళ్లే. అమెరికాలో, గల్ఫ్‌లో స్థిరపడ్డ తెలుగు సంఘాలు కూడా ఈ పద్ధతిని తమతో తీసుకెళ్లాయి.

చిన్న పిల్లల సంగతి అంత బాగా లేదు. వీబీఎస్ ముగింపు రోజున కంఠత వాక్యాలకు, పాటలకు, హాజరుకు, డ్రాయింగుకు బహుమతులు ఇస్తారు. బడి నడిచే ఆ రోజుల్లో పేటలో ఒంటరిగా ఉన్న ముసలమ్మకు బిందెడు నీళ్లు తెచ్చిపెట్టే వంతు, ఆసుపత్రి వరండా ఊడ్చే వంతు, తోటి పిల్లవాడికి లెక్కలు చెప్పే వంతు చాలా చోట్ల కాలపట్టికలో కనిపించదు. క్రిస్మస్ ముందు వృద్ధాశ్రమానికి వెళ్లి పండ్లు పంచి ఫొటో దిగడం దానికి బదులు కాదు. పోర్ట్‌లాండ్ కమిటీల్లో, బోర్డింగు వంతుల్లో, దోర్నకల్ వంటిళ్లలో పని చేసింది ఒకటే, మళ్లీ మళ్లీ వచ్చే వంతు. దాన్ని తిరిగి కాలపట్టికలోకి తేవడానికి సండే స్కూల్ టీచర్లకు డబ్బు అక్కర్లేదు, రోజుకు అరగంట చాలు. అందుకు బహుమతి కూడా పెట్టకుండా ఉంటే ఇంకా మంచిది.